సముద్రానికి మేం పెట్టిన పరీక్ష

ఆ రోజుల్లో నేనింకా చిన్నదాన్ని. అరవై నాలుగు నిండి నాలుగు నెలలు. (నవ్వకండి. అరవై ఏడు దాటిన ఈ మోకాళ్ళతో వెనక్కి తిరిగి చూస్తే, మెట్లు రెండేసి చొప్పున ఎక్కిన ఆ మనిషి నాకు పడుచుపిల్లలాగే కనిపిస్తుంది.) పడుచుతనంలో చేసే పిచ్చిపనులకు వేళాపాళా ఉండదంటారు గాని, మా పిచ్చిపనికి ఉంది. జనవరిలో రెండో ఆదివారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. టాటానగర్ గూడ్సు ఆఫీసులో వ్యాగన్లు వచ్చిన వేళ, వెళ్ళిన వేళ రాస్తూనే జుట్టు నెరిసినదాన్ని. గడియారం చూడకుండా తుమ్మనైనా తుమ్మను.

జంషెడ్‌పూర్‌లో, సీతారాండేరాలో మేం అద్దెకున్న ఇంటాయన ఆ ముందురోజే వచ్చి, ఇల్లు పడగొట్టి మేడ కడతానని, ఏడాదిలోగా ఖాళీ చెయ్యమని చెప్పి వెళ్ళాడు. ఆదివారం నేను ఉప్మాకి ఉల్లిపాయలు కోస్తున్నాను. మా ఆయన కుర్చీలో కూర్చుని, చదివిన పేపరే మళ్ళీ చదువుతున్నారు. రెండు ఫోన్లూ ఒక్కసారే మోగాయి. నాకు చేసింది మా తమ్ముడు. ఆయనకు చేసింది వాళ్ళ అక్క, అంటే నాకు వదిన. (ముందురోజు సాయంత్రం ఇల్లు పోతున్న సంగతి నేను మా తమ్ముడికి, ఆయన వాళ్ళ అక్కకి, ఒకరికి తెలియకుండా ఒకరు చెప్పేసుకున్నామని అప్పుడు తేలింది.) వాళ్ళిద్దరివీ శ్రీకాకుళం తీరాన పక్కపక్క ఊళ్ళు. మధ్యలో ఒక ఏరు వచ్చి సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోటును అక్కడ మొగ అంటారు. మొగకు దక్షిణాన తమ్ముడి ఊరు, ఉత్తరాన వదిన ఊరు. ఊళ్ళ పేర్లు రాయను. రాస్తే ఏదో ఒక పేరు ముందు రాయాలి. ముందు రాయని ఊరి నుంచి ఆ సాయంత్రానికే ఫోనొస్తుంది.

"అప్పా, మా పక్కిల్లు అమ్మకానికొచ్చింది. ఎదురుగా సముద్రవే. బావకి సెప్పు, ఇంకేటీ ఆలోసించొద్దని," అన్నాడు తమ్ముడు. (వాడికి అక్క అంటే అప్ప.)

వదిన మాట ఆయన ఫోన్లోంచి నాకూ వినిపిస్తూనే ఉంది. ఆవిడ ఎప్పుడు మాట్లాడినా అవతలి ఒడ్డున ఉన్నవాళ్ళని కేకేసినట్టే మాట్లాడుతుంది. "ఒరే తమ్ముడా, మా ఈది సివరిల్లు అమ్మేత్తన్నారు. గుమ్మం దిగితే సముద్రం. నీ పెళ్ళాం ఏటంటాదో అననీ. నువ్వొచ్చీ."

రెండు ఇళ్ళకూ ధర ఒకటే. అదే మా కొంప ముంచింది. తేడా ఉంటే ఉప్మా చల్లారేలోపే తేలిపోయేది. ఎంచుకోవాల్సింది రెండు ఇళ్ళలో ఒకటి కాదు, తోడబుట్టిన వాళ్ళలో ఒకరు. ఏ గుమ్మం తొక్కినా రెండో గుమ్మం మూసుకుపోతుంది. బతికినన్నాళ్ళూ మూసుకునే ఉంటుంది. నేను తమ్ముడి పేరు ఎత్తలేదు, ఆయన అక్క పేరు ఎత్తలేదు. ఇద్దరం ఉప్మాలో ఉప్పు చాలలేదన్న విషయం మీద చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఫిబ్రవరిలో చూడటానికి వెళ్ళాం. నేను పుట్టిందీ పెరిగిందీ ఈ ఇనుప ఊళ్ళోనే. తమ్ముణ్ణి మాత్రం చిన్నప్పుడే నాయనమ్మ దగ్గర వదిలారు, వాడు అక్కడివాడే అయిపోయాడు. పెళ్ళిళ్ళకీ చావులకీ నేను ఆ ఊరు వెళ్ళకపోలేదు. కానీ పెళ్ళింట్లో ఆడదానికి పొయ్యి కనిపిస్తుంది గాని సముద్రం కనిపించదు. ఈసారి పనేమీ లేదు. తమ్ముడి పక్కింటి అరుగు మీద కూర్చున్నాను. ఎదురుగా అది ఉంది.

దాన్ని ఏమని చెప్పను? నాకు తెలిసిన పద్ధతి ఒకటే, వేళ చూడటం. గడియారం చేత్తో పట్టుకుని అలలను చూడసాగాను. ఒకటి తొమ్మిది సెకన్లకు వచ్చింది. తరవాతది పదమూడుకు. ఆ తరవాత రెండు ఒకదాని వీపు మీద ఒకటి ఎక్కి వచ్చాయి. వాటిని ఒకటి కింద రాయాలా, రెండు కింద రాయాలా? ఎంత ఆలస్యమైన గూడ్సు బండికైనా ఒక కారణముంటుంది, ఎక్కడో ఒక స్టేషన్ మాస్టరుంటాడు. దీనికెవరున్నారు? అరగంటకు లెక్క వదిలేశాను. గడియారం తిరిగి చేతికి పెట్టుకోవడం మరచిపోయాను.

మా ఆయన పక్కన నిలబడి ఉన్నారు. ఆయన లారీల కర్మాగారంలో బట్టీల దగ్గర పనిచేసిన మనిషి. బట్టీ తలుపు తెరిచినప్పుడు పనివాళ్ళు ఎలా ఒక అడుగు వెనక్కి వేస్తారో, అలా ఒక అడుగు వెనక్కి వేశారు. తరవాత చేతులు జోడించారు.

"ఇది దేనికీ ఆగదే," అన్నారు మెల్లగా. "బట్టీనైతే ఆపీగలం."

మర్నాడు పడవలో మొగ దాటి వదిన ఊరు వెళ్ళాం. అక్కడా అదే సముద్రం. కాదు, వదిన లెక్క ప్రకారం కాదు. "మా ఒడ్డు సేప తిను మరదలా. ఆ ఒడ్డు సేపకి రుసుండదు, బురద కంపు," అంది. ముందురోజు రాత్రి మా మరదలు, తమ్ముడి భార్య, ఇదే మాట ఈ ఒడ్డు గురించి అంది. రెండు ఊళ్ళకీ చేప వచ్చేది అవే పడవల్లోంచి అని మమ్మల్ని దాటించిన పడవవాడు చెప్పాడు. వాడు రెండిళ్ళలోనూ భోజనం చేస్తాడు కాబట్టి రెండిళ్ళలోనూ ఆ మాట అనడు.

తిరిగొచ్చే రైల్లో మా ఆయన కిటికీలోంచి స్టేషన్లు లెక్కపెడుతూ కూర్చున్నారు. నాలుగోది దాటాక చెప్పారు. కర్మాగారంలో రెండు సరుకుల్లో ఏది మేలో తేలకపోతే మాటలుండవు, రెండింటి ముక్కలూ పరీక్షకు పెడతారు. సముద్రపు గాలి ఇనుమును తింటుంది. ఒకే కడ్డీలోంచి రెండు ముక్కలు కోయించి, చెరో ఇంటి ముందూ వేలాడదీద్దాం. వానలన్నీ పోయాక చూద్దాం. ఏ ముక్క తక్కువ తుప్పు పడితే ఆ ఇల్లు. "అప్పుడు మా అక్కని నేను కాదన్లేదు, మీ తమ్ముణ్ణి నువ్వు కాదన్లేదు. ఇనువే కాదంది."

నాకెంత నచ్చిందో చెప్పలేను. ఇంతకన్నా న్యాయమైన పద్ధతి ఈ భూమ్మీద ఉండదనుకున్నాను. (మామూలు మనుషులైతే చీటీలు వేసేవారు. మేం ఇనుప ఊరివాళ్ళం.) గమ్హరియాలో ఆయన పాత స్నేహితుడి చిన్న కార్ఖానాలో ముక్కలు కోయించారు. జానెడు పొడవు, అద్దంలా మెరుస్తున్నాయి. టెల్కో కాలనీలో ఉండే మా అమ్మాయి వాటిని చూసి నుదురు కొట్టుకుంది. "మమ్మీ, లోగ్ సముందర్ దేఖ్‌నే జాతే హై, ఆప్ లోహా టాంగ్‌నే జా రహే హో?" అంది. లోకమంతా సముద్రం చూడటానికి వెళ్తుంటే మీరు ఇనుము వేలాడదీయడానికి వెళ్తారా అని. దాని చదువు వేరు.

ఏప్రిల్లో వెళ్ళి రెండిళ్ళ కిటికీ ఊచలకూ ఒకే ఎత్తున, ఒకే రకం తీగతో వేలాడదీశాం. ఎత్తు నేనే కొలిచాను. దీపావళి దాకా ఆగడానికి అమ్మేవాళ్ళిద్దరూ ఒప్పుకున్నారు. ఎవరూ ముట్టుకోకూడదని తమ్ముడికీ వదినకీ వేరువేరుగా చెప్పాం. ఇద్దరూ బుద్ధిగా తలూపారు. ఆ తలూపుళ్ళలో ఏదో తేడా ఉందని నాకు అప్పుడే తట్టాల్సింది.

తరవాత ఆరునెలలూ ఫోన్లే. "బావా, మన ముక్క మిలమిల్లాడిపోతంది. ఆ ఒడ్డు ముక్క కుళ్ళిపోయిందంట గదా?" అని తమ్ముడు. "నా ముక్కకేటి, పెళ్ళికూతురునాగుంది. ఆలదే పాపం, పొడై రాలిపోతందంట," అని వదిన. ఉప్పుగాలిలో ఇనుము పెళ్ళికూతురులా ఉండటం ఎలా సాధ్యమని మా ఆయన పగలంతా గడ్డం గోక్కునేవారు. "కడ్డీ మంచిదే, గమ్హరియా వాడు మోసం సెయ్యలేదు," అని సాయంత్రానికి ఒక నిర్ణయానికి వచ్చేవారు.

దీపావళి వెళ్ళిన మూడో రోజున దిగాం. చెప్పకుండా దిగాం. ఆకాశం సీసం రంగులో ఉంది. వాయుగుండం ఉందని, పడవలు కట్టెయ్యమని మైకులో చెబుతున్నారు. ముందు తమ్ముడి పక్కింటికి వెళ్ళాం. ముక్క నిజంగానే మెరుస్తోంది. మా ఆయన వేలితో తాకారు. వేలు జారిపోయింది. వాసన చూశారు.

"ఏట్రా ఇది? గ్రీజు కాదేటి?"

"పడవింజనుకి రాత్తన్నాను బావా, సెయ్యి కారింది," అన్నాడు తమ్ముడు. అరవై ఏళ్ళ మనిషి, మీసం దాకా ఎర్రబడ్డాడు.

"వారానికోపాలి కారిందా?"

వాడు నా వైపు చూశాడు. నేను సముద్రం వైపు చూశాను.

ఆఖరి పడవ పట్టుకుని వదిన ఇంటికి వెళ్ళాం. తమ్ముడూ వెంట వచ్చాడు, ఆవిడ చేసింది కూడా తేలాలిగా మరి. వీధి చివరింటి కిటికీకి తీగ మాత్రమే ఉంది. ముక్క వదిన దేవుడి గూట్లో ఉంది. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పక్కన నిమ్మకాయ కూడా.

"ఇంటి కోసరం కట్టింది గదా, ఆనలో తడవనిత్తానేటి? శుక్కురవారం శుక్కురవారం నూనె రాసి దణ్ణం ఎట్టుకుంతన్నాను. ఇప్పుడది ఇనుం కాదు, అమ్మోరు. ముట్టుకోకండి!" అంది వదిన.

అంతలో తమ్ముడు నోరు జారాడు. "నీ అమ్మోరు సాలదని మా ముక్క మీద ఉప్పునీళ్ళు పోసి పోయినావు గదా! పడవోడు సెప్పీసేడు!"

"నువ్వు మా కిటికీ కాడ ఎండుసేపల బుట్ట ఎందుకెట్టించేవు? ఉప్పు ఊరాలనే కాదేటి? ఆడు అదీ సెప్పీసేడు!"

డెబ్బై దాటిన మనిషి నీళ్ళసీసా కొంగులో దాచుకుని మొగ దాటి వచ్చిందన్నమాట. నాకు నవ్వు ఆగలేదు. మా ఆయనకు మాత్రం కోపమొచ్చింది. పరీక్ష చెడిపోయిందని, రెండు ముక్కలూ పనికిరావని గట్టిగా అరిచారు. అప్పుడు వదిన గొంతు తగ్గింది. ఆవిడ గొంతు తగ్గగా నేను వినడం అదే మొదలు.

"పద్దెనిమిదేళ్ళకి టాటా ఎల్లిపోయినావురా. సెలవుకొచ్చి రెండ్రోజులుండి పోయేవోడివి. నా సేతి కూడు నీకెన్నిపాల్లు ఎట్టేనో లెక్కెట్టుకోవచ్చు. ఇనుం ముక్క సెప్పాలేటి, నువ్వు నా కాడికి రావాలో అక్కర్నేదో?"

తమ్ముడు నేలచూపులు చూస్తూ, "నాకూ అంతే అప్పా," అన్నాడు. నేను ఎన్ని లెక్కలు వేసినా, మమ్మల్ని ఎవరో ఇంతగా కోరుకుంటున్నారన్నది ఏ లెక్కలోనూ వెయ్యలేదు.

ఆ మాటల మీదే బయట అరుపులు వినిపించాయి. అందరం ఊరి వెనక మిట్ట మీదికి పరుగెత్తాం. సముద్రం లేచి ఉంది. అల అనడానికి లేదు, నీళ్ళు మొత్తంగా నిలబడ్డాయి. ముందు ఇసక కదిలింది. తరవాత కొబ్బరిచెట్లు వరసగా, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు, ఒకటొకటిగా ముందుకు వాలాయి. మొగ మా కళ్ళ ముందే వెడల్పయింది. వీధి చివరిల్లు కాసేపు అలాగే నిలబడి, గోడ విడిచి, కూర్చునేవాడు కూర్చున్నట్టు కూర్చుంది. అవతలి ఒడ్డున తమ్ముడి పక్కిల్లు కూడా వంగడం ఇక్కడికి కనిపించింది. తమ్ముడి ఇంటివాళ్ళు అప్పటికే బడి మేడ ఎక్కేశారని ఫోనొచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఇటు ఊరనీ అటు ఊరనీ చూడని ఆ సముద్రపు చేతిని చూస్తూ నలుగురం ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డాం. భయమనలేను. అంత పెద్దదాని ముందు భయానికి కూడా చోటు లేదు. మా ఆయన మళ్ళీ చేతులు జోడించారు. ఈసారి నేనూ జోడించాను.

వదిన దేవుడి గూట్లోంచి ముక్కను తెచ్చి కొంగులో పట్టుకునే ఉంది. దాన్ని నీళ్ళలోకి విసిరేసింది. "ఒద్దు తమ్ముడా," అంది. "ఇక్కడొద్దు. నువ్వు మీ ఇనుం ఊరికే ఎల్లిపో. నానే వత్తాను."

"అవునప్పా, అక్కడే ఉండండి," అన్నాడు తమ్ముడు. పది నెలలుగా ఒక్క మాట మీద నిలవని ఆ ఇద్దరూ ఒక్క మాట మీద నిలిచింది అప్పుడే.

మేం ఇప్పుడు సీతారాండేరాలోనే, రెండు సందుల అవతల ఒక పాత డాబాలో ఉంటున్నాం. కొన్నాం. కిటికీ ఊచలకు రెండేళ్ళుగా చుక్క తుప్పు లేదు. వేసవిలో వదిన, తమ్ముడు ఒకే రైల్లో వస్తారు, దారి పొడవునా పోట్లాడుకుంటూ. సాయంత్రం డాబా ఎక్కితే కర్మాగారం వైపు ఆకాశం ఎర్రబడుతుంది. మా ఆయన అటు చూస్తూ ఒక్కోసారి ఒక అడుగు వెనక్కి వేస్తారు. దేన్ని తలచుకుంటున్నారో నేను అడగను. అలల వేళ కట్టాలని గడియారం పట్టుకుని అరుగు మీద కూర్చున్న ఆ అరవై నాలుగేళ్ళ పిల్లను తలచుకుని నేనూ నవ్వుకుంటాను. పాపం, ఎంత నమ్మకమో దానికి.

పోయినవి: ఇనుప ముక్కలు రెండు, ఒకటి గ్రీజుతో, ఒకటి బొట్లతో. మేం కొనని ఇళ్ళు రెండు. కొబ్బరిచెట్లు చెరో ఒడ్డునా నాలుగు (తమ వైపు ఐదని ఇద్దరూ అంటారు). పరుగులో నా ఎడమ కాలి చెప్పు. ఇంకొకటి, ఆ గోడ పడిన వేళ. గడియారం చేతికే ఉంది, నేను చూడలేదు.