ఒకటితోనూ, తనతోనూ

పాతికేళ్లు రికార్డు గదిలో దుమ్ము దులిపినా, ఆఫీసులో ఆయన్ని "ఏమయ్యా" అనడం ఎవరూ మానలేదు. ఫైలు దొరికితే ఘనత అడిగినవాడిది, దొరక్కపోతే తప్పు ఆయనది. ఆయనకున్న సుఖమల్లా కింది అంతస్తులో కిటికీ పక్కనున్న చేతుల కుర్చీ ఒక్కటే. మోకాళ్లు అరిగినవాడికి అదే సింహాసనం.

అలాంటివాడికి కొత్త గుర్తింపు కార్డు వచ్చింది. నంబరు 9,99,983. లెక్కల మాస్టారైన బావమరిది భోజనానికి వచ్చి, కార్డు చూసి, కరెంటు బిల్లు వెనక భాగహారాలు మొదలుపెట్టాడు. కంచంలో అన్నీ చల్లారిపోయాయి. వెయ్యిలోపు ప్రధాన సంఖ్యలు నూట అరవై ఎనిమిదింటితోనూ భాగించి చూశాడు. ఒక్కదానితోనూ శేషం లేకుండా పోలేదు.

"బావగారూ, మీది ప్రధాన సంఖ్య. ఒకటితోనూ, తనతోనూ తప్ప దేనితోనూ పోదు. ఆరంకెల ప్రధాన సంఖ్యల్లో ఇదే పెద్దది."

ఆయన చెవికెక్కినవి రెండే మాటలు: ప్రధాన, పెద్ద.

మర్నాడు రికార్డు గది తలుపుకి ఓ అట్టముక్క వేలాడింది. "ప్రధాన రికార్డు రక్షకులు" అని దానిమీద గుండ్రటి అక్షరాలు. "ఏమయ్యా" అన్నవాళ్లకల్లా ఆయన కార్డు చూపించాడు. నవ్వుకుంటూనే అయినా అందరూ "ఏమండీ" అనసాగారు.

సంగతి సంయుక్త అధికారి చెవిన పడింది. ఆయన నంబరు సరిగ్గా తరవాతిది, 9,99,984.

"మరి నాదేమిటయ్యా?"

రికార్డులాయన బావమరిదికి ఫోన్ చేసి కనుక్కుని మరీ చెప్పాడు. "రెండుతో పోతుందండి. మూడుతో, నాలుగుతో, ఆరుతో, ఎనిమిదితో కూడా పోతుంది. దాన్ని సంయుక్త సంఖ్య అంటారండి."

"ఎవరొచ్చినా అయ్యగారికి భాగం ఉంటుందన్నమాట," అంది వెనకనుంచి టైపిస్టు. ఆఫీసంతా నవ్వింది, అధికారి తప్ప.

మూడోరోజు ఉత్తర్వు వచ్చింది. రికార్డులు రెండు అంతస్తుల్లో సర్దుతారు కనక ఆయన పొద్దున కింద, మధ్యాహ్నం పైన పనిచెయ్యాలి. మెట్లు తలుచుకుని ఆయన మోకాళ్లు తడుముకున్నాడు. అయినా బింకం చావక అధికారి గదికి వెళ్లాడు.

"ప్రధాన సంఖ్యని ముక్కలు చెయ్యడం కుదరదండి."

"దేనితోనూ పోదా?"

"ఒకటితోనూ, తనతోనూ తప్ప పోదండి."

"ఒకటితో పోతుందిగా. అయితే ఒకటో అంతస్తుకే పొండి. పూర్తిగా."

అధికారి ఆయన్ని "పొండి" అనడం అదే మొదటిసారి.

మెట్లు ముప్పై ఏడు. రెండేసి ఎక్కినా ఒకటి మిగులుతుంది, మూడేసి ఎక్కినా ఒకటి మిగులుతుంది. పైన అలమరాలింకా రాలేదు. ఒక స్టూలు ఉంది. దానిమీద ఆయన సాయంత్రందాకా కూర్చున్నాడు. ఫైలు కావాలని ఒక్కడూ రాలేదు.

ఇంటికొచ్చాక భార్య మోకాలికి కాపడం పెడుతూ, "పైన మీతో ఎవరున్నారు?" అంది.

"ఎవరూ లేరు. నేనే."

"ఒకటితోనూ, తనతోనూ అని మా తమ్ముడు ముందే చెప్పాడు. మీరు వింటేగా."

ఆయన జేబులోంచి కార్డు తీసి పక్కన పెట్టాడు. తరవాత, "రోజంతా ఎవరూ ఏమయ్యా అని కూడా అనలేదే," అన్నాడు.

పెళ్లయినప్పటినుంచీ "మీరు" తప్ప మరో మాట ఎరగని ఆవిడ గుడ్డ మళ్లీ వేడి చేసుకొచ్చింది.

"ఏమయ్యా," అంది, "ఆ రెండో కాలు ఇలా చాపు."