గాలి బేరం

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి తెలివి కాస్త ఎక్కువగా ఉంటుంది. పోనుపోను తగ్గి, పనికొచ్చే మట్టానికి వస్తుంది. గుంటూరు బ్రాడీపేటలో మాది కిరాణా కొట్టు. ఎవరు ఏ లెక్క చెప్పినా అందులో మూడో వంతు బేరానికి వదిలిందేనని నేను నడక రాకముందే నేర్చుకున్నాను. ఆ చదువుతోనే చీరాల దగ్గర నూలు అద్దకం యూనిట్లో మురికినీళ్ల ట్యాంకు చూసే పనికి కుదిరాను. ఆర్నెల్లు చూసి, నచ్చితే పర్మనెంట్ చేస్తామన్నారు.

ఆ ట్యాంకులో అసలు పని చేసేవి కంటికి కనపడని సూక్ష్మజీవులు. నూలుకు పట్టించిన గంజినీ, నీళ్లలోని మురికినీ అవే తినేస్తాయి. "వీటికి ఇరవై నాలుగ్గంటలూ గాలి అందాలి, బ్లోయర్ ఆపకు తమ్ముడూ" అని ల్యాబ్ మేడమ్ చెప్పారు. ఇరవై నాలుగు పదహారుకు తెగుతుందని నేను మనసులో ఖాయం చేసుకున్నాను. కరెంటు మిగిల్చి మెప్పు పొందుదామని, మేడమ్ పొద్దుటి డ్యూటీ ముగించి ఇంటికెళ్లగానే మధ్యాహ్నం పన్నెండింటికి ఆపి రాత్రి ఎనిమిదింటికి వేసేవాణ్ణి. (వాటికీ ఓ కునుకు ఉండద్దా? అవి కూడా ఏమీ అభ్యంతరం చెప్పలేదు.)

వారం తిరక్కుండా ట్యాంకు నల్లబడి, కుళ్లిన కోడిగుడ్ల కంపు కొట్టింది. ఆదివారం చర్చి నుంచి తెల్లచీరతో నేరుగా వచ్చిన మేడమ్, ఆ నీటి చుక్కను మైక్రోస్కోప్ కింద చూసి, "ఒక్కటీ కదలట్లేదు. ఏం చేశావయ్యా?" అన్నారు.

"మధ్యాహ్నం కాసేపు రెస్టిచ్చానండి."

"వాటికా, నీకా?"

"ఇద్దరికీనండి."

"మేనేజర్ గారికి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"సగం మీరు, సగం నేను చెబుదామండి."

"సగమూ లేదు, పావూ లేదు. పద."

మేనేజర్ గారు కర్చీఫ్ ముక్కుకు అడ్డం పెట్టుకుని, "రోజుకెంతసేపు ఆపావు?" అన్నారు. నా ఉద్యోగం ఆ అంకె మీదే వేలాడుతోందని తెలుస్తూనే ఉంది.

"నాలుగ్గంటలండి."

"నువ్వు నాలుగన్నావంటే ఆరయ్యుంటుంది. పర్మనెంట్ సంగతి ఇంకో ఆర్నెల్ల తర్వాత చూద్దాం. ముందు పక్క యూనిట్ ట్యాంకులోంచి సూక్ష్మజీవులు బతికున్న బురద అడిగి తీసుకురా."

డబ్బాలు నేనే మోశాను. నెల గడిచేసరికి నీళ్లు తేరుకున్నాయి, నేనూ తేరుకున్నాను.

మొన్న మేనేజర్ గారు రిటైరయ్యారు. దండ వేస్తూ చెవిలో నిజం చెప్పేశాను: "అప్పుడు బ్లోయర్ ఆపింది రోజుకు ఆరు గంటలు కాదండి, ఏడున్నర."

"ఎనిమిదని అప్పుడే తెలుసయ్యా. కొత్తవాడివని తగ్గించాను" అన్నారాయన.

ఆ తగ్గింపు మీదే ఇన్నేళ్లూ ఉద్యోగం చేశానన్నమాట; బేరం ఆడింది మాత్రం నేననుకున్నాను.