ప్యాసేజీతో తగువు

అరసవల్లిలో మేముండే వీధిలో ఇంగ్లీషు పేపరు చదివే మనిషిని నేనొక్కడినే. ఈ వాక్యం రాసి ఒకసారి వెనక్కి చూసుకున్నాను. కొంచెం సవరించాలి. పేపరు తెప్పించుకోను. గుడి దారిలో కొట్టువాడు బజ్జీలు చుట్టి ఇచ్చిన ముక్క ఏదైతే అదే చదువుతాను. నూనె పడిన చోట అర్థం ఊహించుకుంటాను. నూనె పడని చోట కూడా చాలావరకు ఊహే.

అయినా మా మనవరాలి ఇంగ్లీషుకి గురువుగా నన్ను నేనే నియమించుకున్నాను.

మనవరాలంటే మా అమ్మాయి కూతురు. ఇంటర్ పాసయింది. సెంట్రల్ యూనివర్సిటీలో జాగ్రఫీ డిగ్రీ చదవాలని దాని పట్టుదల. దానికో ప్రవేశ పరీక్ష ఉంది. అందులో ఇంగ్లీషు భాగంలో ఒక ప్యాసేజీ ఇస్తారు, కింద ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకి నాలుగు జవాబులు. సరైనది పెట్టాలి. తప్పు పెడితే ఉన్న మార్కు కూడా కోస్తారు. నిరుడు మిగతా సబ్జెక్టులన్నీ ఒడ్డెక్కాయి గానీ ఈ ప్యాసేజీల దగ్గర పిల్ల మునిగిపోయింది.

ఈ ఏడు ఇంకోసారి రాయనిచ్చింది వాళ్లమ్మ. ఇదే ఆఖరు. మా అమ్మాయి రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది. రోజంతా ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఏరే మనిషి. సాయంత్రం ఇంటికొచ్చాక చాలాసేపటి దాకా వేళ్లు ముడుచుకోవు. అల్లుడు గుజరాత్ బోట్ల మీద ఉంటాడు. ఇంటి మాట అంతా ఆవిడదే.

"సీటొస్తే ఎల్లు, నాను ఆపను. రాకపోతే నాతో షెడ్డు బస్సెక్కు. సూపర్‌వైజరు కాళీ ఉందన్నాడు. జూలైదాకా ఆపుతానన్నాడు" అంది.

పిల్ల సరేనంది. సరేనన్నప్పుడు దాని గొంతు నాకు నచ్చలేదు.

మధ్యాహ్నాలు మా సాధన. అది చాప మీద కూర్చునేది, నేను కుర్చీలో సెల్‌ఫోను పట్టుకుని టైము చూసేవాణ్ణి. బయట ఆదివారాలైతే గుడికొచ్చే ఆటోల హారన్లు. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే రొద. తెరిచే ఉంచేవాళ్లం.

ఒకరోజు ప్యాసేజీలో ఏదో దీవి. అక్కడి మత్స్యకారులు పున్నమి కోసం కాచుక్కూర్చుంటారట. నిండు వెన్నెల్లో వలలు బరువెక్కి వస్తాయట. పున్నమి అంటే వాళ్లకెందుకంత ఇష్టం అని ప్రశ్న. పిల్ల పెన్సిలు నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"ఇదేటి తాతా, ఇలాగ రాసేడు?"

"ఏటి రాసేడే?"

"ఎన్నెల్లో సేపలు బాగా పడతాయంట."

నాకు ఒళ్లు మండింది. అరసవల్లి రాకముందు మేమున్న సముద్రపొడ్డు పేటలో పున్నమి రోజుల్లో వేట పలచన. వెలుగులో వల చేపకి కనబడిపోతుంది. ఆ నాలుగు రోజులూ మగవాళ్లు ఒడ్డున కూర్చుని చిరిగిన వలలు అల్లుకుంటారు. ఆ సంగతి పాలు తాగే పిల్లకి కూడా తెలుసు.

"ఆ రాసినోడు ఎప్పుడైనా యేటకెల్లేడా?" అన్నాను.

"నాకేటి తెల్సు? పేరైనా ఎయ్యలేదు."

"ఎల్లలేదు. గదిలో ఫేనేసుకుని రాసుంతాడు. నాను యిశాకపట్నం హార్బర్లో ట్రాలరు నడిపినోణ్ణి. నాకు సెప్తాడేటి ఈడు?"

"అయితే జవాబేటి పెట్టీమంతావు? 'ఇంటికాడ రెస్టు తీసుకోడానికి' అని కూడా ఒకటున్నాది."

"అదే పెట్టు. నిజం పెడితే మార్కెందుకియ్యడు?"

నిజం పెట్టాం. మార్కు ఇవ్వలేదు.

ట్రాలర్ నడిపానన్న మాట కూడా సర్దాలి. ఇంజను గదిలో నూనె తుడిచేవాణ్ణి. డ్రైవరు భోజనం చేస్తుంటే ఒకసారి స్టీరింగు పట్టుకున్నాను. అప్పుడు బోటు జెట్టీకి కట్టేసి ఉంది.

శ్రీకాకుళంలో పిల్ల వెళ్లే కోచింగు సెంటరువాళ్లు ప్రతివారం నమూనా పరీక్ష పెట్టి, మార్కులు ఫోను గ్రూపులో పెట్టేవారు. వారం వారం దాని పేరు కిందికి జారుతోంది. పరీక్ష దగ్గరపడుతోంది. అన్నం కంచంలో వేళ్లతో గీతలు గీస్తూ కూర్చునేది. ఒక సాయంత్రం వాళ్లమ్మ షెడ్డు నుంచి వచ్చి, చేతులు వేడినీళ్లలో పెట్టుకుని, ఫోనులో మార్కులు చదివించుకుంది. విని నావైపు తిరిగింది.

"నాన్నా, నువ్వు దగ్గరున్న కాడినుంచి మార్కులు తగ్గతన్నాయి."

"పేపర్లు కష్టంగా ఇస్తన్నారే."

"పేపర్లు అందరికీ ఒకటే కదా."

నేను లేచి వీధిలోకి వెళ్లి నిలబడ్డాను. కాసేపటికి లోపల్నుంచి పిల్ల పిలిచింది. గొంతులో ఏడుపు లేదు. అందుకే భయం వేసింది.

రాసిన కాగితాలన్నీ చాప మీద రెండు వరసలుగా పరిచింది. ఒక వరసలో మంచు కొండలు, ఎక్కడిదో సంగీతశాల, రైలింజను పుట్టుక. జవాబులన్నీ రైటు. రెండో వరసలో ఉప్పు మడులు, వాన, చేపల బజారు, ఆ పున్నమి దీవి. అన్నీ తప్పు.

"సూడు తాతా. నాకు తెలీనివన్నీ రైటు. తెల్సినవన్నీ తప్పు."

చాలాసేపు చూశాను. వాళ్లమ్మ కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. దాని ఇంగ్లీషుకి ఏ రోగమూ లేదు. చదివింది అర్థమవుతోంది. అర్థమయ్యాక, రాసినవాడితో తగువు పడుతోంది. ఆ తగువులో దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నవాణ్ణి నేను.

ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. మా పేటలో పడవ ఒడ్డుకొచ్చాక, వచ్చినవాడు చెప్పింది ఎవడూ అలాగే పుచ్చుకోడు. ఇసుక మీద పెద్దవాళ్లు కూర్చుంటారు. ఎంత లోతులో వేశావు, నీటి రంగేమిటి, గాలి ఎటుంది, పక్క పడవవాడికి పడనిది నీకెలా పడింది అని ఒక్కో ముక్కా పీకి చూస్తారు. చెప్పేవాడికీ అది తెలుసు. అందుకే నాలుగు బుట్టలు పడితే పది అంటాడు. కోత పోయాక నాలుగన్నా మిగలాలి కదా. నాకు ఈ పెంచి చెప్పే జబ్బు అక్కడ అంటుకున్నదే. అరసవల్లి వచ్చేదాకా ఈ పిల్ల పెరిగింది ఆ ఇసుక మీదే, నా ఒళ్లో కూర్చుని, ఆ తగువులు వింటూ. చెప్పినవాడి మాట పట్టుకుని నడవమంటే దాని కాలు ముందుకి పడదు.

ఆ పరీక్ష మాత్రం అదొక్కటే అడుగుతోంది. కాసేపు వాడి మాట పట్టుకో, చాలు అంటోంది.

"తాతా, నువ్వింక ఒకే మాట అనాల. 'అందులో ఎక్కడున్నాది' అను. ఇంకేటీ అనకు" అంది పిల్ల.

"అంతేనా?"

"అంతే. దగ్గినా సరే, అర్థం వచ్చేలా దగ్గకు."

మర్నాటి నుంచి అదే పని. అది జవాబు చెప్పడం, నేను "అందులో ఎక్కడున్నాది?" అనడం, అది వాక్యం మీద వేలు పెట్టి చూపించడం. వేలు పెట్టలేకపోతే ఆ జవాబు కొట్టేయడం. ఎండు చేపల మీద ఒక ప్యాసేజీ వచ్చింది. మేము మండుటెండలో ఇసుక మీద ఆరబెట్టేవాటిని నీడలో ఆరబెడితేనే రుచి అని ఉంది. నా నాలుక పళ్ల వెనక కొట్టుకుంది. పిల్ల వేలు కూడా ఆ వాక్యం దగ్గర ఆగింది. తల ఎత్తి నన్ను చూసింది. నేను గోడవైపు చూశాను. అది వాడు చెప్పిన జవాబే పెట్టింది. పెట్టి, పేజీ తిప్పేటప్పుడు కాగితం చిరిగింది.

మార్కులు పెరిగాయి. ఎంతో పెరిగాయని రాయబోయాను, కానీ కొంచెమే. కొంచెం చాలుతుందో లేదో ఎవరికీ తెలియదు.

పరీక్ష సెంటరు విజయనగరంలో పడింది. వాళ్లమ్మకి షెడ్డులో సెలవు దొరకలేదు. నేనూ పిల్లా ఆముదాలవలస స్టేషన్లో పొద్దున్నే పాసింజరెక్కాం. చీపురుపల్లి దాకా బాగానే నడిచింది. గరివిడి దాటకుండా ఆగిపోయింది. కిటికీలోంచి ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనబడుతున్నాయి. పొగ కదులుతోంది, రైలు కదలడం లేదు.

పిల్ల హాల్‌టికెట్ మీద గేటు మూసే టైము చూసింది. మళ్లీ చూసింది.

"తాతా, దిగిపోయి ఆటో ఎక్కుదుమా?"

"కదుల్తాది. నాకు రైల్వేలో తెల్సినోళ్లున్నారు."

"ఎవులు?"

"ఎవులూ నేరు. ఊరికినే అన్నాను."

అంత కంగారులోనూ ఒక్క క్షణం నవ్వింది. వెంటనే ముఖం మళ్లీ బిగిసింది. ఎదుటి సీటులో ఒకావిడ "గూడ్సు ఎల్లాల, అందాకా ఇడవడు" అంది. దిగితే రైలు కదులుతుందేమోనని భయం, దిగకపోతే గేటు మూస్తారని భయం. నా చొక్కా వీపుకి అంటుకుపోయింది. దిగుదామని నేను లేచి నిలబడ్డాను. అది నా చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టింది. గూడ్సు వెళ్లింది. మా రైలు కదిలింది.

విజయనగరంలో ఆటోవాడికి బేరం ఆడకుండా ఎక్కడం నా జీవితంలో అదే మొదలు. సెంటరు గేటు దగ్గర కాపలాదారు ఒక రెక్క మూసేసి రెండోదాని మీద చెయ్యి వేసి ఉన్నాడు. పిల్ల చెప్పులు చప్పుడు చేస్తూ పరిగెత్తి ఆ సందులోంచి లోపలికి వెళ్లింది. వెనక్కి తిరగలేదు.

రోడ్డు పక్క రేకుల నీడలో కూర్చున్నాను. నాలాంటి వాళ్లు చాలామంది ఉన్నారు. ఒకాయన మీ పిల్ల ఇంగ్లీషు ఎలాగ అని అడిగాడు. నేనే చెప్పానని అనబోయి మానుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను ఊరుకున్న సందర్భాల్లో అదొకటి.

బయటికొచ్చాక పిల్ల నీళ్లు తాగింది. ఏ ప్యాసేజీ వచ్చిందని అడిగాను.

"సీటు సంగతి తేలేదాకా సెప్పను."

"ఒక్క ముక్క సెప్పు. సముద్రం మీదా?"

"సెప్తే నువ్వు తప్పంతావు. నువ్వు తప్పంతే నాకు నిద్ర పట్టదు. అడక్కు."

అడగలేదు. తిరుగు రైల్లో అడగలేదు. జవాబుల కీ వచ్చిన రోజు తలుపేసుకుని ఒక్కర్తే చూసుకుంది, అప్పుడూ అడగలేదు. బయటికొచ్చి బియ్యం కడిగింది. ముఖంలో ఏమీ దొరకలేదు. జూలై వచ్చింది. సూపర్‌వైజరు ఫోను చేస్తే వాళ్లమ్మ "ఈ వారం ఆగండి సార్" అంది. పెట్టేశాక ఫోను కాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

ఆ వారంలోనే, పప్పు తాలింపు వేస్తుండగా, పిల్ల ఫోనులో మెసేజీ మోగింది. చదివింది. మళ్లీ చదివి, తెర వాళ్లమ్మ ముఖం దగ్గర పెట్టింది.

"ఏటే?"

"సీటే అమ్మా. జాగ్రఫీ."

మా అమ్మాయి స్టవ్వు కట్టేసింది. సూపర్‌వైజరుకి ఫోను చేసి, "మా గుంట రాదు సార్, సదువుకి ఎల్తాది" అని చెప్పి, నేల మీద కూర్చుండిపోయింది. అప్పుడు పిల్ల నావైపు తిరిగింది.

"ఇప్పుడు సెప్తాను తాతా. సముద్రం పిట్టలు గుంపులుగా ఊళ్లోకి వచ్చేస్తే వారం రోజులు వాతావరణం బాగుంతాదని, యేటకి మంచిదని పడవలు దింపుతారంట. పిట్టలొస్తే ఊరోళ్లేటి సేస్తారని ప్రశ్న."

నేను నోరు తెరిచేలోగా నేల మీద కూర్చున్న మా అమ్మాయి లేచింది.

"అదేటే! పిట్టలొస్తే గాలీ వానా కదా! ఉన్న పడవలు పైకి లాక్కోవాల గాని!"

"నాకు తెల్దేటమ్మా? వాడు దింపమన్నాడు, నాను దింపేసేను."

"దింపేస్తే మడిసి తిరిగొస్తాడేటి?"

"అదే కదా నాను అడుగుతన్నాది!" అని పిల్ల గొంతు పెంచింది. ఇన్ని నెలలుగా ఆపుకున్నదంతా పైకొచ్చింది. ఆ రాసినవాడు పుట్టిన ఊరు, వాడు చూసిన సముద్రం, వాడికి పిట్టల సంగతి చెప్పినవాడు, దేన్నీ ఎవరినీ వదల్లేదు. నాకు ఒక్క మాట అనడానికి సందు ఇవ్వలేదు. పప్పు తాలింపు లేకుండానే తిన్నాం.