నెమలి లేని దరఖాస్తు

బాగ్దాద్ మీద బాంబులు పడ్డ ఎండాకాలం నేను మిర్యాలగూడల డిగ్రీ రెండో సంవత్సరం. టీవీల చూసింది, పేపర్ల చదివింది కలిపి కాలేజీ గోడపత్రికకు వ్యాసం రాసిన. ఆ ఊరి నది పేరు, వంతెన పేరు, కూలిన బజారు పేరు, ఒక్కటి ఇడిసిపెట్టలే. కోదాడ నుంచి వచ్చే తెలుగు సార్ చదివి, "భలే రాశావమ్మా, కళ్లకు కట్టినట్టుంది" అన్నడు. ఇగ నన్ను పట్టేటోళ్లు లేరు.

ఆ వారమే నిడమనూరు రోడ్డు మీద ఓ లారీ మా మంద మీదికెక్కింది. పదకొండు జీవాలు పోయినయ్. గొర్లను మేం జీవాలనే అంటం. లారీ ఆగలే. నాయినకు అక్షరం ముక్క రాదు, నంబర్ చదవలేడు. కానీ ఎన్ని మందలు కలిసినా చెవి గాటు చూసి తన గొర్రెను పట్టే మనిషి. లారీని గూడ అట్లనే చూసిండు.

"ఎనక తలుపు మీద నెమలి బొమ్మ ఉంది బిడ్డా. దానికి ఒక్కటే కాలు గీసిండ్రు. ఎడమ దిక్కు అద్దం పలిగింది. ఠాణాల ఇచ్చే దరఖాస్తుల గిది రాయి, ఎస్సై సారు పట్టుకుంటడు" అని రెండుసార్లు చెప్పిండు.

రాయకేం, మూడు పేజీలు రాసిన. బలమున్నోళ్లు, లేనోళ్లు, బాగ్దాద్ నుంచి మా ఊరి దాంక ఒకటే అన్యాయం, మానవత్వం. అండ్ల ఒంటికాలి నెమలిని పెడితే రాత పల్చనైతదనిపించింది. "ఒకానొక లారీ" అని రాసిన. ఆ మాటంటే నాకు మస్తు మోజు అప్పట్ల.

"చదువుకున్నదానివి, నువ్వే పో" అని నాయిన ఠాణా బయటనే నిలబడ్డడు. లోపల ఎస్సై పేజీలు తిరగేసి, "ఒకానొక లారీ అంట. రోడ్డు మీద పోయేయన్నీ ఒకానొక లారీలే. ఆనవాలేది?" అన్నడు. నెమలి సంగతి అప్పుడే చెప్తే అయిపోయేది. అంతమంది ముందట తప్పొప్పుకునుడు నాకు నామోషీ అయింది. తెల్వదన్న. రేపు మళ్ల వచ్చి చెప్తననుకున్న, పోలే. గందుకు ఇయ్యాల్టికీ నా మీద నాకే కోపం.

బయటికి రాంగనే నాయిన నా చేతిల కార్బన్ కాపీ చూసిండు.

"నెమలి ఏడ రాసినవ్, సూపియ్యి బిడ్డా."

నేను మానవత్వం అన్న మాట మీద ఏలు పెట్టిన. ఆయన దాన్ని బొటనేలితోని మెల్లగ తడిమి, కాయితం మడిచి అంగి జేబుల పెట్టుకుండు.

సూర్యాపేట పోటీల నా బాగ్దాద్ వ్యాసానికి మొదటి బహుమతి వచ్చింది. లారీ దొరకలే. వానలు పడేదాంక నాయిన ఠాణా కబురు కోసం సూసిండు. అమ్మ గునిసినప్పుడల్లా, "నెమలి రాసింది గదా బిడ్డ, దొరుకుతది తియ్" అనేటోడు. నేను పక్క అర్రల పుస్తకం ముందట పెట్టుకొని ఇనుకుంట కూసునేదాన్ని.