పస్తుంటే పెరిగిన షుగరు

రాజోలు దగ్గర మిషను బడిలో లెక్కలు చెప్పే సాలమోను మాస్టారికి నమ్మకాలు రెండు: ప్రభువు, పూతరేకులు. ప్రభువు విషయంలో అప్పుడప్పుడు తడబడేవారు గాని, పూతరేకుల దగ్గర ఎన్నడూ లేదు. విందుల్లో ఆయన పక్కన కూర్చోవడానికి జనం జంకేవారు. వడ్డించేవాడు ఆయన్ని దాటి రావడం కష్టం.

మాస్టారి తండ్రి షుగరుతోనే పోయారు. అందుకని పంతొమ్మిదివందల డెబ్భై ఎనిమిదిలో అమలాపురం డాక్టరు ప్రభాకరరావుగారు ఈయన పొట్ట చూసి, "వచ్చే సోమవారం పరగడుపున రండి. గ్లూకోజు తాగించి రక్తం చూద్దాం" అన్నారు. ఇక పూతరేకులు బందేనని మాస్టారికి గుండె జారింది. లెక్కల మనిషి కదా, తీసివేత లెక్క వేశారు: తినకపోతే షుగరెక్కడిది? ఈస్టరు ముందు ఉపవాసాలుండే శ్రమదినాలు ఎలాగూ నడుస్తున్నాయి. వారమంతా నిమ్మకాయ నీళ్లతో గడిపారు.

పాస్టరు జీవరత్నంగారు దాన్ని ఆదివారం ప్రసంగంలో పెట్టేశారు. "మన మాస్టారంతటాయన తిండి మానేసేరంటే, మనమెంతండీ!" చవగ్గా దొరికిన భక్తిని ఎవరు కాదంటారు? మాస్టారు వినయంగా తల వంచారు. అసలు సంగతి తెలిసిన భార్య రాహేలు పమిట చెంగు నోట్లో కుక్కుకుంది.

సోమవారం గ్లూకోజు తాగి రక్తమిస్తే, షుగరు మిన్నంటింది.

"వారమై మెతుకు ముట్టలేదండీ! ఎక్కణ్ణించి వచ్చిందండీ ఇది?"

డాక్టరు పకపకా నవ్వారు. "అదేనండీ కొంప ముంచింది! తిండి రాకపోతే, చక్కెరని రక్తంలోంచి ఒంటికి పంచే ఇన్సులిను కూడా పని తగ్గించుకుంటుంది. మూతబడ్డ హోటలుకి పెళ్లివారి బస్సొచ్చి ఆగితే? పొయ్యి రాజేసేలోగా జనం వీధిలో నిలబడతారు. మీ చక్కెరా అలాగే రక్తంలో నిలబడిపోయింది. మూడు రోజులు మామూలుగా అన్నం తిని రండి. మీ మామూలు కాదండోయ్, జనం మామూలు."

"శ్రమదినాల్లోనా! ఆ ముక్క చీటీ మీద రాసియ్యండి. పాస్టరుగారికి చూపించాలి."

చీటీ చూసిన పాస్టరుగారు ప్రసంగానికి వేరే ఉదాహరణ వెతుక్కున్నారు.

గురువారం మళ్లీ గ్లూకోజు తాగించి చూస్తే అంకె దిగివచ్చింది. మాస్టారు హుషారుగా లేవబోతే డాక్టరు ఆపారు.

"జబ్బు రాలేదు గాని, వాకిట్లోనే ఉందండీ. రోజూ మెడదాకా తింటే ఇన్సులిను అరిచి అరిచి అలిసిపోతుంది. ఒళ్లు దాని మాట వినడం మానేస్తుంది. పస్తులొద్దు, తిండి పందేలొద్దు. కడుపు నిండకముందే లేవండి."

"పూతరేకులో?"

"ఒక్కటి."

ఈస్టరు విందులో రాహేలు ఒక్కటే వేసి పూతరేకుల పళ్లెం తీసుకుపోయింది. మాస్టారు దాన్ని పొర తరవాత పొర విప్పుకుని తింటున్నారు. పాస్టరుగారు పక్కకి వంగారు.

"ఇంకా ఉపవాసమేనా మాస్టారూ?"

"ఆ ఉపవాసం తేలికండీ. ఇది చూడండి!" అని, వడ్డించే గంగరాజు పూతరేకుల బుట్టతో వరసలోకి రాకముందే, మాస్టారు చెయ్యి కడుక్కోవడానికి లేచారు.