తూర్పున ఎత్తకూడని మంచం

పోయిన నెల మా పెద్దమ్మ పోయింది. గోపాలపట్నం నుంచి ఆమె కొడుకు, మా అన్నయ్య ఫోన్ చేసి, "అమ్మ లేదురా. హాల్లో కుర్చీలోనే తల వాల్చేసింది" అన్నాడు. గుండె ఆగిందట. డెబ్బై దాటిన మనిషికి గుండె ఆగడం వింత కాదు. కానీ కుర్చీ అన్న మాట దగ్గర నాకు ఒళ్లు మండింది. సొంత ఇంట్లో సొంత మంచం ఉన్న మనిషి కుర్చీలో ఎందుకు పడుకోవాలి? నివాళి రాస్తూ దెబ్బలాటకు దిగడం బాగోదని తెలుసు. ఆ సంగతి దాటేసి ఆమె గురించి రాయడం మాత్రం నా వల్ల కాదు.

రాత్రి నడుం వాలిస్తే చాలు, పెద్దమ్మకు గుండెల్లో మంట. "పడుకుంతే సాలురా, పుల్లనీళ్లు గొంతుకాడికి ఎగదన్నేత్తన్నాయి" అనేది. నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మాత్రలు రాసి, రాత్రి భోజనం పెందలాడే ముగించమన్నాడు, పులుపు తగ్గించమన్నాడు. తలగడలు పేర్చి లాభం లేదు, మంచాన్నే తలవైపు అర అడుగు ఎత్తండి అన్నాడు. బయటికొచ్చాక పెద్దమ్మ తీర్పు చెప్పింది: "మంచం ఎత్తండ్రా. సేపల పులుసు మాత్రం దించనంటే దించను."

మల్కాపురంలో మా వీధి వడ్రంగి చేత రెండు చెక్క దిమ్మలు చేయించాను, మంచం కోళ్లు జారిపోకుండా పైన గుంట పెట్టించి. గోపాలపట్నం వెళ్లి వాటిని ఆమె మంచానికి తలవైపు కోళ్ల కింద దోపాం. మర్నాడు ఫోన్లో ఆమె గొంతే వేరుగా ఉంది. "ఎప్పుడు తెల్లారిపోనాదో నాకు తెల్దురా."

వారం తిరక్కుండా దిమ్మలు అటకెక్కాయి. అన్నయ్యకో వాస్తు సిద్ధాంతి ఉన్నాడు. మంచం తల తూర్పుకి ఉంది. తూర్పు పల్లంగా ఉండాలి, ఎత్తు చేస్తే ఇంటికి కీడు అన్నాడట. సరే, తల దక్షిణానికి తిప్పండి అన్నాను. అక్కడ బీరువా ఉంది. బీరువా జరపండి. నైరుతిలోంచి బీరువా కదిలితే లక్ష్మి నిలవదట.

"నువ్వు నమ్మవు సరే. రేపు మా పిల్లలకేదైనా అయితే నువ్వొచ్చి చూత్తావేటి?" అన్నాడు అన్నయ్య.

ఈయన ఇంజనీరు. కరిగిన ఇనుము ఏ వాలులో ఎటు పారాలో లెక్కకట్టడం ఈయన ఉద్యోగం. కన్నతల్లి కడుపులో పులుపు దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క పనికిరాలేదు. నాకు అసహ్యం వేసింది. ఇప్పటికీ వేస్తోంది. నమ్మకం ఎవరికి వాళ్ల సొంతం, మధ్యలో నీకేమిటి అంటారు పెద్దమనుషులు. నమ్మేది ఒకరు, రాత్రంతా కుర్చీలో కూర్చునేది ఇంకొకరు అయితే అది సొంతమెలా అవుతుంది?

పెద్దమ్మ గొడవపడలేదు. "ఇల్లు సల్లగుండాలంటన్నాడు. మరి నాను ఇంట్లో మనిషిని కానేటి?" అని మాత్రం అంది నాతో. ఆ రోజు నుంచీ హాల్లో కుర్చీయే ఆమెకు పడక.

తరవాత ఒక శనివారం బస్సు దిగి, బరువైన గుడ్డసంచీ మోసుకుంటూ మా ఇంటికొచ్చింది. సంచీలో ఒక చీర, రెండు దిమ్మలు. "సుట్టరికానికి కాదురా, నిద్దరకొచ్చాను" అంది. ఇక ప్రతి శనివారమూ అంతే. మా మంచం తల కూడా తూర్పుకే. దిమ్మలు మా ఇంట్లోనే ఉండిపోయాయి. పడుకునే ముందు, లారీ డ్రైవరు టైరుని తన్ని చూసుకున్నట్టు, కాలితో దిమ్మని ఓసారి తన్ని చూసుకునేది. ఆదివారం పొద్దున్న టీ తాగుతూ గోడల వంక చూసి, "మీ ఇల్లింకా కూలిపోనేదేటి?" అని నవ్వేది. నిద్ర తీరిన ముఖం ఎంత అందంగా ఉంటుందో ఆ ఆదివారాల్లోనే చూశాను.

ఆ మంట ఆమెను చంపిందని నేననను. ఉన్నన్నాళ్లూ వారానికో రాత్రి నిద్ర కోసం బస్సెక్కాల్సి వచ్చింది, నా కోపమల్లా దానికే.

కర్మలయ్యాక చుట్టాలింట్లో ఒక రాత్రి నిద్ర చేయాలన్నది మావాళ్ల ఆచారం. అన్నయ్య మా ఇంటికే వచ్చాడు. గది గుమ్మంలో మంచం చూసి ఆగిపోయాడు.

"ఇది తూర్పు కదరా" అన్నాడు.

"తూర్పే" అన్నాను. దిమ్మలు తియ్యమని అతను అడగలేదు. నేనూ తియ్యలేదు.

పొద్దున్న టీ పట్టుకెళ్లాను. మంచం మీద దుప్పటి మడత నలగలేదు. భయపడ్డాడో, మరేమిటో నేనడగలేదు. గోడవార కుర్చీలో, తల ఒక పక్కకి వాల్చి, అన్నయ్య నిద్రపోతున్నాడు.