శనివారం పొగ లేవని ఇల్లు

నా చిన్నప్పుడు జంషెడ్‌పూర్‌లో మా బర్మామైన్స్ సందులో తెల్లారేసరికి ప్రతి గుమ్మం ముందూ ఒక బొగ్గుల కుంపటి రాజుకునేది. ఏ ఇంటి ముందైనా పొగ లేదంటే ఆ ఇంట్లో జబ్బో, చావో, మొగుడూ పెళ్ళాల తగువో ఉందన్నమాటే. అలాంటిది మా పక్కింట్లో ప్రతి శనివారం పొగ లేచేది కాదు. జబ్బూ లేదు, తగువూ లేదు. పైగా ఆ రోజు ఇంటిల్లిపాదీ ఉతికిన బట్టలు కట్టుకుని పండగలా ఉండేవాళ్ళు. వాళ్ళు ఆ ఇంట్లో దిగిన మొదటి వారమే మా నాన్నమ్మ ఇది కనిపెట్టింది.

నాన్నమ్మది శ్రీకాకుళం వైపు పల్లె. నాన్నకి కార్ఖానాలో ఉద్యోగం వచ్చాక మాతోపాటు జంషెడ్‌పూర్ వచ్చేసింది. అనుమానంలో ఆవిడను మించినవాళ్ళను నేను ఇంతవరకు చూడలేదు. పాలవాడి చెంబులో వేలు ముంచి చూసిగాని పాలు పోయించుకునేది కాదు. పాస్టరుగారు ప్రార్థన తొందరగా ముగిస్తే, ఈయన్ని ఎవరింట్లో భోజనానికి పిలిచారో అని ఆరా తీసేది. ఆ గుణం నాకూ అబ్బింది. అందుకు నన్ను అనుమానప్పక్షి అని వెక్కిరించేవాళ్ళలో అందరికంటే ముందు నాన్నమ్మే ఉండేది.

పక్కింటివాళ్ళు బొంబాయి వైపు నుంచి వచ్చిన యూదులు. ఇంట్లో మరాఠీ, మాతో హిందీ మాట్లాడేవాళ్ళు. పక్కింటి చాచాజీ కార్ఖానాలో ఫిట్టరు. అందరూ ఆదివారం సెలవు కోసం కొట్టుకుంటుంటే, ఈయన అడిగి మరీ ఆదివారం డ్యూటీ వేయించుకుని శనివారం ఇంట్లో కూర్చునేవాడు. వాళ్ళ ద్వారబంధానికి వేలెడంత గొట్టం ఒకటి ఏటవాలుగా బిగించి ఉండేది; లోపల వాళ్ళ గ్రంథవాక్యాలు చుట్టి పెట్టి ఉంటాయని నాకు తర్వాత తెలిసింది. వస్తూ పోతూ దాన్ని తాకి, ఆ వేళ్ళను ముద్దు పెట్టుకునేవాళ్ళు. శనివారం మధ్యాహ్నం చాచాజీ పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ఏదో రాగం తీసి చదివేవాడు. గోడకు చెవి ఆనించి విన్నా మాకు ఒక్క ముక్క బోధపడేది కాదు. చేతబడి అని కుళాయి దగ్గర ఆడవాళ్ళు తేల్చేశారు.

నా పీకల మీదికి వచ్చిందేమిటంటే, చాచాజీ పెద్దకూతురు, నేను అక్కా అని పిలిచే పిల్ల, సాయంత్రాలు నాకు లెక్కలు చెప్పేది. ఆ యేడు లెక్కల్లో తప్పితే బడి మాన్పించి ఊళ్ళో పెద్దత్త దగ్గరికి పంపేస్తానని నాన్న ముందే చెప్పేశాడు. భాగహారం చూస్తేనే నేను పలక పక్కన పెట్టేసేదాన్ని. అక్క లేకపోతే నేను బడికి దూరం కావడం ఖాయం. సరిగ్గా అప్పుడే నాన్నమ్మకి వాళ్ళు యూదులని తెలిసింది.

"మన ప్రభువుని సిలవేసినోళ్ళు ఆళ్ళేనే! పిల్లని మెల్లిగా ఆళ్ళలో కలిపేసుకుంటారు, సూడండి," అని పట్టు పట్టింది. ఎప్పుడో ఎక్కడో జరిగినదానికీ బర్మామైన్స్‌లో ఉన్న ఫిట్టరుకీ ఏమిటి సంబంధమని ఆవిడను అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. నాన్న తల్లి మాట జవదాటడు. నేను ఏడ్చి గోల పెట్టగా ఒక శనివారానికి ఒప్పుకుంది. "ఎల్లి, ఏటి సేత్తన్నారో సూసి రా. మంతరాలైతే లేసొచ్చెయ్. మరింక ఆ గుమ్మం తొక్కకు," అంది.

వెళ్ళాను. అక్క నన్ను తన పక్కన చాప మీద కూర్చోబెట్టుకుంది. నేను ఒక కన్ను తలుపు మీదే ఉంచాను. శనివారం తమకు విశ్రాంతి దినమని, ఆ రోజు నిప్పు రాజేయరని, పని ముట్టరని చాచాజీ నాకోసం హిందీలో చెప్పాడు. తమ పవిత్రగ్రంథమైన తోరాను వారానికొక భాగంగా విడదీసుకుని ఏడాది పొడుగునా చదువుకుంటారట. తమవాళ్ళు ఏ దేశంలో ఉన్నా ఆ వారం అదే భాగం చదువుతారట. ఆ వారం కథ కూడా చెప్పాడు. ఒక పెద్దాయన కొడుక్కి పిల్లను చూసి రమ్మని నమ్మకమైన పనివాణ్ణి దూరదేశం పంపుతాడు. ఆ పనివాడు ఒంటెలతో ఒక నూతి దగ్గర ఆగి, అక్కడికి వచ్చిన పిల్లను మంచినీళ్ళు అడుగుతాడు. ఆ పిల్ల అతనికీ పోసి, అతని ఒంటెలన్నిటికీ తోడి పోస్తుంది. మా ఇంటి కోడలు ఈ పిల్లే అని అతను నిశ్చయించుకుంటాడు.

ఇది మా సండే స్కూలు కథ! నాకు కంఠతా వచ్చు. వెంటనే లేచి నిలబడి, చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, పరాయివారి యెడల దయ కలిగి ఉండవలెనని నీతి గడగడా అప్పజెప్పాను. మా చర్చిలో అయితే అందుకు రంగుల బొమ్మ కార్డు ఇచ్చేవాళ్ళు. ఇక్కడ చిన్నపిల్లలిద్దరూ కిసుక్కుమన్నారు. చాచాజీ నవ్వలేదు. "జవాబ్ బాద్ మే, బేటీ. పహలే సవాల్," అన్నాడు, జవాబు తర్వాత, ముందు ప్రశ్న అని. ఆ ఇంటి పద్ధతి అది. ఆ వారం భాగం మీద ప్రతి పిల్లా ఒక ప్రశ్న అడగాలి. అడిగితేనే ఖర్జూరం. ఒంటె ఎన్ని కడవల నీళ్ళు తాగుతుందని అక్క తమ్ముడు అడిగాడు. నా వంతు వచ్చింది. నా దగ్గర అనుమానం తప్ప ఏముంది?

అతను దొంగ కాదని ఆ పిల్లకు ఎలా తెలుసు, అన్నాను.

తిట్టు పడుతుందనుకుని తల వంచుకున్నాను. చాచాజీ తొడ చరిచి శాబాష్ అన్నాడు. ఖర్జూరం నా చేతిలో పెట్టాడు కాని, జవాబు మాత్రం చెప్పలేదు. ఇంటికి తీసుకెళ్ళి మీ పెద్దవాళ్ళను అడుగు, వచ్చే శనివారం చెప్పు అన్నాడు. అనుమానానికి మిఠాయి పెట్టే ఇల్లు లోకంలో ఉంటుందని నాకు అంతవరకు తెలియదు. చెప్పలేనంత సంతోషం వేసింది.

ఏం తినిపించారో అని గుమ్మంలోనే నాన్నమ్మ నా నోరు వాసన చూసింది. కథ విని కళ్ళు పెద్దవి చేసింది. "అది మన కతే! ఆళ్ళకెవులు సెప్పారే? దొంగిలించీసారు!" అంది. ముందు వాళ్ళదేనమ్మా, మనకి తర్వాత వచ్చింది అని నాన్న నవ్వితే నమ్మలేదు. నేను నాన్నమ్మను నా ప్రశ్న అడిగాను. బుద్ధి లేని పిల్ల అని గొణుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయింది. కథలో పిల్లనో నన్నో తెలియలేదు.

మర్నాడు చర్చి నుంచి వచ్చాక తనే నన్ను పిలిచి కూర్చోబెట్టింది. వాళ్ళ ఊళ్ళో మా పేటవాళ్ళు నూతి గట్టు ఎక్కకూడదట. చిన్నప్పుడు కుండ పట్టుకుని కింద నిలబడేదట. ఎవరైనా దయతలచి తోడినా, ముందు ఎవరి పిల్లవని అడిగి, ఆ తర్వాత తమ చేద కుండకు తగలకుండా పైనుంచి పోసేవాళ్ళట. సగం నేలపాలయ్యేవి.

"ఈ పిల్ల ఆడిని ఎవులివని అడగలేదే. ముందు నీల్లు పోసీసింది. అందుకే ఏరుకున్నాడు," అని చెంగుతో మొహం తుడుచుకుంది. నాన్నమ్మ ఏడవడం నేను చూడడం అదే మొదలు. నాకూ ఏడుపు వచ్చింది. పక్కింటికి వెళ్ళమనీ వద్దనీ చెప్పలేదు. కాని శనివారం మధ్యాహ్నం నా జడ తనే వేసింది.

నేను జవాబు చెప్పాక చాచాజీ నా వైపు జరిగి కూర్చున్నాడు. ఇది ఎవరి మాట అని అడిగాడు. మా నాన్నమ్మది అన్నాను. ఆమె పేరు ఏమిటన్నాడు. ఒకరి మాట చెప్పేటప్పుడు వాళ్ళ పేరుతోనే చెప్పాలట, లేకపోతే దొంగతనమేనట. నాన్న అమ్మా అంటాడు, సందులోవాళ్ళు దాదీ అంటారు. ఆవిడకొక పేరు ఉంటుందని నాకు ఎప్పుడూ తోచలేదు.

పరుగున ఇంటికి వెళ్ళి అడిగాను. "నా పేరు ఆళ్ళకెందుకే? ఏటి రాసుకుంటారు?" అని నాన్నమ్మ అనుమానమంతా మళ్ళీ లేచింది. శనివారం వాళ్ళు కలం ముట్టరని చెప్పాను. చాలాసేపు నన్ను ఎగాదిగా చూసి, చివరికి గుసగుసగా చెప్పింది. నేను తిరిగి వెళ్ళి చెప్పగానే చాచాజీ ఆ పేరు చివర జీ చేర్చి, ఆవిడ మాటను పిల్లలందరికీ హిందీలో వినిపించాడు. ఇంటికి వచ్చేసరికి నాన్నమ్మ గోడ పక్కనే నిలబడి ఉంది.

"జీ అన్నాడేటే?" అని అడిగింది.

అన్నాడని చెప్పాను. లెక్కల చదువు గురించి ఆవిడ మరి నోరెత్తలేదు. ఆ యేడు నేను గట్టెక్కాను.

నా అనుమానం ఇప్పటికీ పోలేదు. పోవాలని కూడా లేదు. కాకపోతే దాన్ని గోడ చాటున ఉంచుకోకుండా మొహం మీదే అడిగేస్తాను. దాహమన్నవాణ్ణి ఎవరివని అడగకూడదు, మాట చెప్పినవాళ్ళ పేరు మాత్రం అడిగి తెలుసుకోవాలి. ఈ రెండోది నాకు నేర్పింది పక్కింటి సాలమన్ చాచాజీ. మొదటిది చెప్పింది మా నాన్నమ్మ, సంతోషమ్మ.